ఎపాక్సీ చెక్కకే

జనవరి ఉదయం, నోయిడా. గ్యారేజీ షట్టరు ఎత్తగానే నీకంటే ముందు పొగమంచు లోపలికి వెళ్తుంది. పదహారడుగుల ప్లైవుడ్ తెరచాప పడవ కర్ర స్టాండ్ల మీద ఉంది. దాని కింద చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నావు. ముక్కుకు జానెడు ఎత్తులో పెన్సిలుతో గీసిన వలయం.

"భయపడకు తల్లీ, డ్రిల్లు నిటారుగా పట్టుకో." పడవలోంచి బాబాయి గొంతు. విశాఖ డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన మనిషి. ఈ పడవ మళ్లీ విశాఖ వెళ్లాలని ఆయన పట్టుదల.

హోల్‌సా గిర్రున తిరుగుతుంది. పొట్టు కళ్లద్దాల మీద రాలుతుంది. 48 మిల్లీమీటర్ల చెక్కబిళ్ల వెచ్చగా అరచేతిలో పడుతుంది. నిక్షేపంలాంటి పడవకు నీ చేత్తో బొక్క పెట్టావు, గుండె ఝల్లుమంటుంది. బిళ్ల అంచు చూడు, పొర మీద పొర. చెక్క నీళ్లు తాగేది ఈ కోసిన అంచు నుంచే. పైన ఎన్ని పూతలు రంగు వేసినా ఇక్కడ చెమ్మ చేరిందంటే పొరల వెంట పాకి, బయటికి కనపడకుండా కుళ్లబెడుతుంది.

కాక్‌పిట్‌లో పడ్డ నీళ్లు దిగిపోయే గొట్టానికి అంగుళం త్రూ-హల్ ఫిట్టింగ్ పెట్టాలి. దానికి 35 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. 48 ఎందుకంటే, చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఎపాక్సీ గోడ కట్టడానికి.

ఆ ఫిట్టింగ్ కోసమే నిన్న మెట్రోలో ఢిల్లీ చావ్డీ బజార్ వెళ్లారు. వరసగా ఇత్తడి దుకాణాలు, ధగధగలాడే సరుకు. బాబాయి ఒక్కటీ ముట్టుకోలేదు. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు కరిగిపోతుంది, మిగిలేది గుల్లబారిన రాగి. గన్‌మెటల్ దొరికేదాకా తిప్పాడు. ఎపాక్సీకి కావలసిన రెజిన్, హార్డెనర్ తిలక్ బజార్లో కొన్నారు.

ఇప్పుడు చేతులకు గ్లవ్స్. వంటింటి డిజిటల్ కాటా మీద రెజిన్ 100 గ్రాములు, హార్డెనర్ 10. మీరు కొన్న రకానికి ఇదే లెక్క. చలికి రెజిన్ పాకంలా బిగుసుకుంటే డబ్బాను వేణ్ణీళ్లలో పెట్టి కరిగించారు. త్వరగా గట్టిపడాలని నీ చేయి హార్డెనర్ వైపు వెళ్తుంది. బాబాయి ఆపేస్తాడు. పాలల్లో తోడు కాదు, ఎక్కువ వేస్తే త్వరగా పేరుకోవడానికి. మిగిలిన హార్డెనర్ కలవకుండా ఉండిపోయి మొత్తాన్ని మెత్తబరుస్తుంది.

ముందు పల్చటి ఎపాక్సీని బ్రష్షుతో అంచుకు తాగించు. పీల్చినంతా పీల్చనీ. తర్వాత సిలికా పొడి కలుపు, దిబ్బరొట్టె పిండంత చిక్కగా. కింద టేపు అతికించి పైనుంచి నింపు, ఒక్కసారే కాదు, మూడు విడతలుగా. అంతా ఒకేసారి పోస్తే తన వేడికి తానే ఉడికి పగులుతుంది. పక్కన వంద వాట్ల బల్బు వెలిగించి షట్టరు దించండి. ఎనిమిది డిగ్రీల చలిలో ఎపాక్సీ దానంతటది గట్టిపడదు.

టీ తాగుతూ బాబాయి తారిణి సంగతి ఎత్తుతాడు. గోవాలో కట్టిన 17 మీటర్ల నౌకాదళ పడవ, లోపల చెక్క, పైన ఫైబర్‌గ్లాస్. 2017 సెప్టెంబర్ 10న బయల్దేరి 2018 మే 21న భూగోళం చుట్టి వచ్చింది. దాన్ని నడిపిన ఆరుగురు అమ్మాయిల్లో ఇద్దరు మనవాళ్లు, విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. పేర్లు చెప్పేటప్పుడు ఆయన కప్పు కింద పెట్టేస్తాడు.

మర్నాడు ఎపాక్సీ మీద జిడ్డు పొర. తడిగాలికి, చలికి పుట్టిందే. నీళ్లతో రుద్ది కడిగి, గరుకు కాగితం పట్టి, మధ్యలో 35తో మళ్లీ తొలిచావు. గాజులాంటి గోడ, ఎక్కడా చెక్క కనపడదు.

ఫిట్టింగ్ చేతిలోకి తీసుకుని ఎపాక్సీ డబ్బా కోసం చూస్తావు.

"వద్దమ్మా. అది చెక్కకే. దీంతో అంటిస్తే పదేళ్లకు ఫిట్టింగ్ పాడైన రోజున పడవనే కోయాలి. తర్వాత విప్పేవాడి గురించి కూడా మనమే ఆలోచించాలి."

పాలీసల్ఫైడ్ సీలెంట్ ఫ్లాంజి చుట్టూ దండిగా రాసి లోపలికి తోస్తావు. బాబాయి నట్టు బిగిస్తుంటే నల్లటి ముద్ద అంచు చుట్టూ సమంగా ఉబికి వస్తుంది. ఒక్కచోట కూడా తెగదు.

సీలెంట్ గట్టిపడనిచ్చి, వారం తర్వాత కాక్‌పిట్‌లో బకెట్ నీళ్లు పోశారు. గొట్టంలో గుడగుడ, ఆ వెంటనే గ్యారేజీ నేల మీద ధార. వంగి, టార్చి పట్టుకుని, నట్టు చుట్టూ వేలు తిప్పి చూశావు.

పొడి.