పెళ్లిఫొటోల వెనక గోడలు

గోదావరిఖనిలో ఫొటో స్టూడియో నడుపుత. సింగరేణి బొగ్గుగని కార్మికుల ఇండ్ల చరిత్ర ఎవరన్న అడిగితే నక్షలు చూపియ్య, బాగుచేయమని నా దగ్గరికొచ్చే పాత పెళ్లిఫొటోలు చూపిస్త. పీటల మీది జంట కంటే వాళ్ల వెనక గోడే నాకు ఎక్కువ చెప్తది.

2016లో జిల్లాలు విడగొట్టేదాక మాది కరీంనగర్ జిల్లా, ఇంకో బొగ్గు ఊరు బెల్లంపల్లిది ఆదిలాబాద్, నడుమ గోదావరి. అవతల 1927లోనే బొగ్గు తవ్వుడు మొదలైతే ఇవతల 1960 దరిదాపుల దాక ఆగింది. రెండు దిక్కులా గని ముందొచ్చింది, ఇల్లు తర్వాత. బొగ్గు నింపే ఫిల్లర్లుగ వచ్చినోళ్లు మట్టిగోడలు లేపి తాటికమ్మలు కప్పుకున్నరు. బొగ్గు మీద సుంకం వేసి ఆ పైసలతో గని కార్మికులకు ఇండ్లు కట్టియ్యాలని దేశంల 1947లోనే చట్టమొచ్చింది. అయినా కంపెనీ క్వార్టర్ చేతికొచ్చేసరికి చాలామందికి పిల్లలు పెద్దోళ్లయ్యేటోళ్లు.

క్వార్టరంటే రెండు గదులు, ఇంత వంటిల్లు. నక్ష గీసినాయన మూడు షిఫ్టుల సంగతి మరిచినట్టున్నడు. రాత్రి షిఫ్టు దిగొచ్చిన మనిషి పొద్దంత ఎక్కడ పండాలె? ఊరి నుంచొచ్చిన అవ్వ, అయ్య ఎక్కడుండాలె? ఒకే ఇంట్ల ముగ్గురు బిడ్డల పెండ్లిళ్ల ఫొటోలు వరుసగ పెడితే తెలుస్తది: పెద్దబిడ్డ వెనక తడిక, నడిపిదాని వెనక రేకుల వసారా, చిన్నదాని వెనక సున్నమేసిన ఇటుక గది. గుమ్మం ముందు పాత కన్వేయర్ బెల్టు ముక్క. ఆఫీసర్ల బంగ్లాలు ఇట్ల మారలే, వాటికి ఆ అవసరం రాలే.

జర్మనీల ఫొటోగ్రాఫర్లు బెర్న్డ్, హిల్లా బెకర్ దంపతులు గూడ 1959 నుంచి జీగెన్ దిక్కు కార్మికుల ఇండ్లను ఎదురుంగ నిలబడి, మనుషులు లేకుండ, ఒకే తీరుగ ఫొటోలు తీసిన్రు. ఇండ్లను పక్కపక్కన పెట్టి చూసుడు నాకూ నచ్చింది. మనుషులను తీసేసుడు మాత్రం మా క్వార్టర్ల లైన్లకు సరిపడదు. ఇక్కడ ఇల్లు పెరిగింది మనుషులు పెరిగినందుకే.

1990లల్ల లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు అందుల సగం కూడ లేరు. రిటైరైనోళ్లు క్వార్టర్ అప్పజెప్పి పోతున్నరు, కట్టుకున్న వసారాలు, గదులు అక్కడ్నే వదిలేసి. వాళ్ల పిల్లలు హైదరాబాద్ నుంచి ఫొటో పంపి, వెనక రేకులు తీసేసి పూలతోట పెట్టుమంటరు. పెడుత, పైసలిచ్చేది వాళ్లే గద. అసలు ఫొటోను మాత్రం క్వార్టర్ నంబర్ మీద విడిగ దాస్తున్న.