తెర మీద కన్నమదాసు ఎందుకు చిన్నబోయాడు?

పల్నాటి వీరుల కథ 'పల్నాటి యుద్ధం' పేరుతో రెండుసార్లు సినిమాగా వచ్చింది. 1947 నాటిది గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు, ఆయన చనిపోతే ఎల్వీ ప్రసాద్ పూర్తి చేశారు. 1966లో గుత్తా రామినీడు మళ్లీ తీశారు. బ్రహ్మనాయుడుగా ఎన్టీఆర్, నాగమ్మగా భానుమతి. రెండు సినిమాల గురించీ ఇప్పటికీ మాట్లాడుకుంటాం. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, మాంచాల. అక్కడితో మాట ఆగిపోతుంది. కన్నమదాసు పేరు ఎవరూ ఎత్తరు.

ఎవరీ కన్నమదాసు? మాల. బ్రహ్మనాయుడు కొడుకులా పెంచుకున్నవాడు. మాచర్ల సైన్యానికి దండనాయకుడు. పన్నెండో శతాబ్దపు కథలో అన్ని కులాల వీరులూ ఒక మాల యోధుడి వెనక నడిచారంటే అది పక్కన పెట్టేసే సంగతా? సినిమాకు ఉన్న టైమే తక్కువ అంటారు. బాలచంద్రుడు, మాంచాలల కోసం దొరికిన టైమ్ ఇతనికెందుకు దొరకలేదు?

రామబ్రహ్మానికి కులం సంగతి తెలియదని అనలేం. 1938లో 'మాలపిల్ల' తీసిన మనిషి ఆయన. లోపం మనసులో లేదు, చూపులో ఉంది. అది హరిజనోద్ధరణ కాలపు చూపు. అందులో ఉద్ధరించేవాడే నాయకుడు, మనం ఆయన మంచితనానికి సాక్షులం. అందుకే చాపకూడు అనగానే బ్రహ్మనాయుడి పెద్దమనసే గుర్తొస్తుంది. ఆ చాప మీద కూర్చున్నవాళ్లకూ తెగువ కావాలి కదా! కన్నమదాసు ఆ చోటు దానంగా పుచ్చుకోలేదు, కత్తి పట్టి నిలబెట్టుకున్నాడు.

అసలు ఈ కథను బతికించింది ఎవరు? శ్రీనాథుడి ద్విపద ఉంది, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. పండితులకు అదే ప్రమాణం. కానీ అందులో ఉన్నది ప్రధానంగా బాలచంద్రుడి భాగం. మొత్తం కథను తరతరాలుగా గొంతులో మోసింది వీరవిద్యావంతులు, దళిత గాయకులు. అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ ఈ కథ కోసం అలిశెట్టి గాలెయ్య దగ్గర కూర్చున్నాడు. ఆయన పాడింది విని, 1982లో ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. ఎక్కడినుంచో వచ్చినవాడికి వినపడిన గొంతు మన స్టూడియోలకు వినపడలేదు.

2003లో 'పల్నాటి బ్రహ్మనాయుడు' వచ్చేసరికి కథ కూడా పోయింది, పేరే మిగిలింది. చాప పోయింది, మీసం మిగిలింది.

సినిమాయే కదా, ఇంత బాధ దేనికి అనొచ్చు. చాపకూడు మా ఘనత అని చెప్పుకునే గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మంది దళితులను చంపారు. కన్నమదాసును దండనాయకుడిగా చూస్తూ పెరిగిన ఊళ్లు మారిపోయేవని నేను అనను. కానీ మన పిల్లలకు తెర మీద తమ తాత ముఖం ఒక్కటైనా కనపడేది. తలెత్తడానికి అదీ ఒక ఆసరానే.

కార్తీక మాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. అందులో చాపకూడు కూడా ఉంటుంది. ఎం.ఏ., పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి వెళ్లండి. గాయకుల పక్కన కూర్చుని వినండి, రికార్డు చేయండి. ఆ చాప మీద ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో, మిగతా రోజుల్లో అదే ఊళ్లో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకోండి. మూడో సినిమా అక్కడినుంచి మొదలవ్వాలి. అది మన చేత్తోనే మొదలవ్వాలి.

జై భీమ్.