గాల్లో పోయే బండికీ ఆముదమే

1917. బళ్ళారి నల్లరేగడి దారి. బండి కిర్రుమంటుంటే తండ్రి ఎద్దులను నిలిపాడు. కడచీల పీకి, చక్రాన్ని కాస్త పక్కకు లాగి, వెదురు గొట్టంలోంచి పుల్లతో కందెన తీశాడు. కాల్చిన గడ్డి మసి ఆముదంలో కలిపి నూరిన నల్లటి ముద్ద అది. ఇరుసుకు దట్టంగా పట్టించాడు. బండి మీద బస్తాల నిండా ఆముదాలు.

"నాయనా, దొరలకు ఇన్ని ఆముదాలు ఎందుకంట?"

"వాళ్ళకు మాత్రం బండ్లుండవా ఏమిరా? గాల్లో పోతాయంట!"

ఈ తండ్రీకొడుకుల మాటలు నేనల్లినవే. సరుకు మాత్రం నిజం. మద్రాసు ప్రెసిడెన్సీ, నైజాం ఇలాకా మెట్టచేల ఆముదాలు ఓడలెక్కి బ్రిటన్ చేరేవి.

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. అక్కడి చాలా యుద్ధ విమానాల్లో రోటరీ ఇంజన్లుండేవి. వాటిలో ఇరుసు కదలదు, సిలిండర్లే ప్రొపెల్లరుతో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి ఇంజను కడుపులోంచే పోతుంది. మినరల్ నూనె పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం అంత తేలిగ్గా లొంగదు. అందులో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లం చలవ అది.

అదే ఏడు అక్టోబర్ 26. బెల్జియం ఆకాశం. సాప్‌విత్ కామెల్ అనే రోటరీ ఇంజను విమానం నడుపుతున్నవాడు హర్దిత్ సింగ్ మాలిక్, తలపాగా మీదే హెల్మెట్ తొడిగిన సిక్కు యువకుడు. ఇంజను చిమ్మే ఆముదం పొగ ముఖానికి కొడుతోంది. ఆ పొగ పీల్చి పైలట్ల కడుపులు కదిలిపోయేవన్నది ఆ రోజుల్లో అందరికీ తెలిసిన మొరటు జోకే. జర్మన్ తూటాలు పెట్రోలు ట్యాంకును చీల్చుకుని అతని కాలిలో దిగాయి. ఎలాగో సొంత సైన్యం వైపు నేలకు దించాడు. విమానానికి 400కు పైగా బెజ్జాలు. మాలిక్ బతికి, స్వతంత్ర భారత రాయబారిగా ఫ్రాన్సుకు వెళ్ళాడు.

యుద్ధం తర్వాత ఆముదం వెనకబడింది. నాసిరకమని కాదు. ఎద్దుబండీ, రోటరీ ఇంజనూ వాడిన నూనెను బయటికి వదిలేస్తాయి; మళ్ళీ పోసుకోవాల్సిందే. కొత్త ఇంజన్లు అదే నూనెను తిప్పి తిప్పి వాడుకున్నాయి. అంత వేడికి ఆముదం బంకగా మారుతుంది.

అందుకే ఇవాళ మొక్కల నూనెల కందెనలను కారుకంటే ముందు అడవిలో రంపపు గొలుసుకూ, మలుపుల్లో రైలు పట్టాలకూ వాడుతున్నారు. అక్కడ కారిన చుక్క మట్టిలోకే పోతుంది, మట్టిలో కుళ్ళిపోయే నూనె అయితే నష్టం తక్కువ. వేడికి బంకగా మారే గుణం తగ్గించడానికి హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఆముదాన్నీ కానుగ నూనెనూ వేరే రకం ఎస్టర్లనే రసాయనాలుగా మారుస్తూ వచ్చారు.