ఆలూమగలు కలిసి చదివిన కాలేజీ

నెల్లూరు జిల్లా విడవలూరు దాటి తూర్పుకు నడిస్తే ఉప్పుగాలి, ఇసుక, తాటిచెట్లు. తీరం వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిపోయే బకింగ్‌హాం కాలువ. రైలు రాకముందు ఈ సీమ సరుకూ మనుషులూ ఎక్కువగా పడవల మీదే తిరిగేవారు. ఆ తీరాన్నే పట్టుకుని అల్లూరు, కావలి దాటి ఉత్తరానికి పోతే రామాయపట్నం వస్తుంది. ఇవాళ ఆ పేరు వింటే ఎవరికైనా 2022 జూలైలో భూమిపూజ జరిగిన ఓడరేవే తడుతుంది. నూటయాభై ఏళ్ళ కిందట మాత్రం ఆ ఊరి పేరు అమెరికా బాప్టిస్టు చర్చిల్లో తరచుగా వినపడేది. అక్కడ అమెరికన్ బాప్టిస్టులు పెట్టిన సెమినరీయే అందుకు కారణం. క్రైస్తవ మిషన్లు మన దేశంలో కట్టిన కాలేజీల గురించి చెప్పేటప్పుడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ, గుంటూరు ఏసీ కాలేజీ ముందుకొస్తాయి. రామాయపట్నాన్ని తలిచేవాళ్ళు తక్కువ. ఎవరి కోసం పెట్టారు, ఎవరు చదివారు అని అడిగితే మాత్రం ఆ జాబితాలో దీనికి పెద్ద చోటే దక్కాలి.

కథ నెల్లూరులో మొదలవుతుంది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1836లో తెలుగు నేల మీద అడుగుపెట్టి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతే. దాంతో 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ లేచింది. పటంలో దేశమంతటికీ ఒక్క చుక్కలా మిగిలిన నెల్లూరును ‘ఒంటరి నక్షత్రం’గా భావించి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఒక పద్యం రాశాడు. ఆ పేరే మిషన్‌కు స్థిరపడింది. మూసే ఆలోచన ఆగింది.

తరువాతి మలుపు ఒంగోలుది. 1866లో అక్కడికి వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ అంతకుముందు మినెసోటాలో భూములు కొలిచిన సర్వేయరు. మొదట్లో ఆయన దగ్గరికి అగ్రవర్ణాల పిల్లలే చదువుకోవడానికి వచ్చేవారు. తోలు వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగపల్లెల నుంచి జనం చేరడం మొదలవగానే పేచీ వచ్చింది. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను పంపమని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. ఏం చెయ్యాలో తోచక తానూ భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం, లోకంలో నీచులైనవారిని దేవుడు ఎన్నుకున్నాడన్న మాట, కళ్ళబడిందని క్లౌ తరువాత తన పుస్తకంలో రాసుకున్నాడు. పెద్దింటి పిల్లలు బడి మానేశారు. పల్లెల వాళ్ళు వచ్చారు.

ఇక్కడొకసారి మచిలీపట్నం వైపు చూడాలి. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ పెట్టిన ఇంగ్లీషు బడి పై కులాల యువకులను దృష్టిలో పెట్టుకుని నడిచింది. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే కొంతకాలం బడి ఖాళీ అయిపోయింది. నోబుల్ దారి ఇంగ్లీషు చదువు, పై మెట్టు నుంచి కిందికి. నెల్లూరు, ఒంగోలు మిషన్ కింది మెట్టు నుంచి తెలుగులో మొదలుపెట్టింది. రెండూ మతప్రచారం కోసం వచ్చినవే. అందులో దాపరికం లేదు. కానీ ఒక పల్లెలో తొలిసారి అచ్చు పుస్తకం చదివిన మనిషి ఎవరని వెతుకుతూ పోతే, ఈ రెండో దారి విలువ తెలుస్తుంది.

పల్లెల్లో సంఘాలు పెరుగుతున్నకొద్దీ వాటిని నడిపే మనుషులు కావాలి. దొరలు సరిపోరు, సరిపోయినా పల్లె భాష వాళ్ళకు పట్టుబడదు. ఆ అవసరంలోంచి 1872లో బ్రౌన్‌సన్ థియలాజికల్ సెమినరీ పుట్టింది. కెనడా నుంచి వచ్చిన ఎ.వి.టింపనీ అప్పటికే 1870లో రామాయపట్నంలో మిషను కేంద్రం తెరిచాడు. సముద్రం పక్కన, ఊరి గోలకు దూరంగా ఉన్న ఆ చోటే సెమినరీకి అనువనుకున్నారు. 1874 నాటికి ఆర్.ఆర్.విలియమ్స్ చేతుల్లో అక్కడ క్లాసులు నడుస్తున్నాయి.

కాలేజీ అనగానే మీసం మొలుస్తున్న కుర్రాళ్ళు, హాస్టలు గదులు, మెస్సు గుర్తొస్తాయి. రామాయపట్నంలో విద్యార్థులు పెళ్ళయినవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు. నిన్నటిదాకా చెప్పులు కుట్టి, పొలాల్లో కూలి చేసి బతికినవాళ్ళు. అందుకే కాంపౌండులో వాళ్ళ కాపురాలకు ఇళ్ళుండేవి. పొద్దున పొయ్యి వెలిగించి, చంటిబిడ్డను సముదాయించుకుని, మొగుడితో పాటు పెళ్ళాం కూడా పాఠానికి పోయేది. బోధకుడి భార్యకు చదువు రాకపోతే పల్లెలో ఆడవాళ్ళకు ఎవరు చెబుతారన్నది మిషనరీల లెక్క. లెక్క ఏదైనా, 1870ల్లో నెల్లూరు తీరంలో దళిత స్త్రీలు మగవాళ్ళతో పాటు పలకా పుస్తకం పట్టిన చోటు ఇది. ఈ ఒక్క సంగతి చాలు, ఆ కాంపౌండు మన విద్యాచరిత్రలో ఒక అధ్యాయం కావడానికి. పాఠాలన్నీ తెలుగులోనే. పాటలూ తెలుగువే, పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు అప్పటికే తెలుగు సంఘాలన్నిటా పాడుతున్నారు.

చదువు ముగించి పల్లెకు పోయినవాడు ఆదివారం బోధకుడు, వారమంతా పంతులు. చెట్టు కిందో, తాటాకు పాకలోనో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు.

ఇంతలో ధాత కరువు వచ్చిపడింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు పోయాయి. కరువు పని కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టినప్పుడు, సర్వేయరు క్లౌ మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర కూలీల గుడారాలు వెలిశాయి. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలంతా మట్టి తట్టలు మోయించి, కూలి డబ్బు చేతిలో పెట్టించి, పని ఆగిన గడియలో జనం పక్కన కూర్చుని మాట్లాడేవారు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగారు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఈ వివరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పని అప్పటికే ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో అదే చెబుతుంది.

ఆ తరువాత పల్లె పల్లెకూ బోధకుడు కావలసివచ్చింది. రామాయపట్నం కాంపౌండు కిక్కిరిసింది. అక్కడికి వచ్చినవాళ్ళ నేపథ్యం ఎలాంటిదో తెలుసుకోవాలంటే క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన మాదిగల కథల పుస్తకం చూడాలి. అమెరికాలో సామాజిక న్యాయం కోసం గొంతెత్తిన క్రైస్తవ మేధావి వాల్టర్ రౌషన్‌బుష్‌కు ఆమె అక్క.

ఈ సెమినరీ డిగ్రీలిచ్చే విశ్వవిద్యాలయంగా మాత్రం ఎదగలేదు. డిగ్రీ చదువు కావాలంటే 1885లో లూథరన్లు మొదలుపెట్టిన గుంటూరు ఏసీ కాలేజీకో, మద్రాసుకో పోవాలి. మిషన్ సొంత యూనివర్సిటీ ఆలోచన మన దేశంలో చాలాకాలం సాగలేదు; డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం నుంచే రావాలి. తమిళనాట కారుణ్య అనే క్రైస్తవ విద్యాసంస్థ 2004లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొందింది, షిల్లాంగ్‌లో మార్టిన్ లూథర్ క్రైస్తవ విశ్వవిద్యాలయం 2005లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2016 దాకా లేదు.

దీనికి మినహాయింపుగా, వీటన్నిటికీ ముందున్నది బెంగాల్‌లోని సేరంపూర్. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో స్థాపించిన ఆ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారమిచ్చాడు. అప్పటికి సేరంపూర్ డేన్‌ల చేతిలో ఉంది. 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేసి ఆ అధికారాన్ని ఖాయపరిచింది. దైవశాస్త్రంలో డిగ్రీ కోసం తెలుగు సెమినరీలు చివరికి ఆ గొడుగు కిందికే చేరాయి. 1964లో రామాయపట్నం, కాకినాడ బాప్టిస్టు సెమినరీలు, రాజమండ్రి లూథర్‌గిరి సెమినరీ, దోర్నకల్ కాలేజీ కలిసి ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీగా రాజమండ్రిలో ఒక్కటయ్యాయి. 1970ల్లో అది హైదరాబాదు వెళ్ళింది. దిగువ ట్యాంక్‌బండ్ పక్కన ఉన్న ఆ కాంపౌండులో ఇప్పుడు లూథరన్లు, మెథడిస్టులు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్ళు ఒకే తరగతిలో కూర్చుంటారు. పట్టా మీద ఉండేది సేరంపూర్ పేరు.