గ్రీకు శబ్దములు: ధాత్వర్థము, ప్రయోగార్థము

పదముయొక్క ధాతువు తెలిసినంతనే దాని యర్థము తెలిసినట్లగునా? ప్రాచీన గ్రీకు వాఙ్మయమును పఠించువారికి ఈ ప్రశ్న అడుగడుగునను ఎదురగుచుండును. ప్లేటో రచించిన 'క్రాటిలస్' అను సంవాదమున సోక్రటీసు దేవతల పేర్లకును, గుణవాచకములకును వరుసగా వ్యుత్పత్తులు చెప్పి, తుదకు తత్త్వజ్ఞానమును పేర్లనుండి కాక వస్తువులనుండియే పొందుట మేలని తేల్చును. నామములన్నియు ధాతుజములే యను శాకటాయనుని మతమును, అన్నియు కావను గార్గ్యుని మతమును యాస్కుడు నిరుక్తమున చర్చించెను. 'కుశలుడు' అనగా దర్భలు కోయువాడని వ్యుత్పత్తి చెప్పినను, వ్యవహారమున నేర్పరి యనియే యర్థము. యోగము, రూఢి అను ఈ విభాగముతోనే రెండు గ్రీకు పదముల చరిత్రను ఇచట పరిశీలింతుము.

మొదటిది 'ఎక్లేసియా'. ఇందు వెలుపలికి అను అర్థముగల 'ఎక్' అను ఉపసర్గయు, పిలుచుట అను అర్థముగల ధాతువును స్పష్టముగా నున్నవి. దీనినిబట్టి క్రైస్తవ సంఘమునకు 'లోకమునుండి వెలుపలికి పిలువబడినవారు' అని అర్థము చెప్పుట బోధకులలో పరిపాటి యైనది. కాని క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సులో ఇది పౌరులు ప్నిక్స్ కొండపై కూడు సభకు పేరు. క్రీ.పూ. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో ఆరంభమైన హీబ్రూ గ్రంథముల గ్రీకు అనువాదమున ఇస్రాయేలీయుల సమావేశమునకు ఈ పదమే వాడబడినది. అపొస్తలుల కార్యముల 19వ అధ్యాయమున ఎఫెసు నాటకశాలలో కేకలు వేసిన జనసమూహమునకును ఇదే పేరు. ఆ గుంపును లోకమునుండి వేరుగా పిలిచినవారెవరు? ధాతువు మారలేదు, అర్థమును నిర్ణయించినది ప్రయోగమే. ధాత్వర్థమును ప్రతి ప్రయోగమునందును చొప్పించు ఈ పద్ధతిని జేమ్స్ బార్ 1961లో బైబిలు భాషపై వెలువరించిన గ్రంథమున తీవ్రముగా ఖండించెను.

రెండవది 'బాసిలెయుస్'. దీని ధాతువు నేటికిని నిశ్చితము కాలేదు. అయినను దీని చరిత్ర మనకు చక్కగా తెలియును. 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించిన లీనియర్ బి లిపి ఫలకములలో 'వనక్స్' అనువాడు రాజు. 'బాసిలెయుస్' కంచుపనివారితో సంబంధముగల స్థానికాధికారి మాత్రమే. మైసీనియన్ ప్రాసాదములు కూలిన పిదప ఆ స్థానికనాయకుడే మిగిలెను. హోమరు నాటికి ఆ పదము ప్రభువులకు చెల్లెను. ఏథెన్సులో అదే పేరు మతకార్యములు చూచు సాంవత్సరికాధికారికి నిలిచెను. పారసీక చక్రవర్తికిని, అలెగ్జాండరు వారసులకును, క్రీ.శ. 629లో హెరాక్లియసు బిరుదముగను అదియే చెల్లినది. ఫలకములోని బాసిలెయుస్‌ను 'రాజు' అని అనువదించినచో ఆ రాజ్యవ్యవస్థయే తలక్రిందులగును.

అట్లని వ్యుత్పత్తి నిరుపయోగమని మేము చెప్పము. ప్రయోగములు దొరకనిచోట అదియే శరణ్యము. క్రీస్తు నేర్పిన ప్రార్థనలోని 'ఎపియూసియోస్' అను పదమును సువార్తికులే కల్పించిరని క్రీ.శ. 3వ శతాబ్దమున ఒరిజెన్ తలచెను. దానికి నాటిది, రేపటిది, జీవనమునకు అవసరమైనది అని ధాతుభేదమునుబట్టి పలు అర్థములు చెప్పబడినవి. కోట్లమంది నిత్యము పఠించు ప్రార్థనలోని పదమునకే ధాతువు ఏకార్థమును నిర్ణయింపజాలకున్నది.

కావున ధాతువు పదముయొక్క జన్మస్థానమును మాత్రమే చూపును. అది పయనించిన మార్గమును శాసనములు, ఫలకములు, గ్రంథములు చూపును. పరిశోధకుడు ముందు ప్రయోగములను కాలక్రమమున కూర్చి, పిదపనే వ్యుత్పత్తిని సాక్ష్యమునకు పిలువవలెను.