కాడి కింద కోపం

సంక్రాంతికీ శివరాత్రి తిరునాళ్ళకూ ఎడ్లతో బండ లాగించే ఆట సముద్రతీరాన ఉన్న వాడరేవు ఇసుకది కాదు. అక్కణ్ణుంచి చిలకలూరిపేట, నరసరావుపేటల మీదుగా పిడుగురాళ్ళ దాకా పోయే దారికి అటూ ఇటూ ఉన్న రేగడి నేలది. గెలుపును అందరూ గిత్తల మేతకూ, ఒంగోలు జాతి బలానికీ ముడిపెడతారు. తోలేవాడి కోపాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్ళు తక్కువ. సమ ఉజ్జీలైన రెండు జతల మధ్య తేడా తెచ్చేది చాలాసార్లు అదేనని నా వాదన.

పందెం పద్ధతిలోనే దానికి సాక్ష్యం ఉంది. పళ్ళను బట్టి విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. పెట్టిన గడువులో బండ ఎంత దూరం జరిగిందో అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. ఒక్క ఊపుతో తేలే ఆట కాదు. బరి చివరిదాకా పోయి, జతను తిప్పి, మళ్ళీ లాగించాలి. దాపటి ఎద్దు ఒక్క అడుగు ముందు పడితే కాడి వాలుతుంది, గొలుసు ఒక పక్కకు గుంజుతుంది, బండ వంకర పోతుంది. అప్పుడు ముందున్నదాన్ని నిలిపి, వలపటిదాన్ని మాత్రమే అదిలించాలి. కోపమొచ్చినవాడు రెంటినీ బాదుతాడు. బెదిరిన ఎద్దు పక్కకు తొలుగుతుంది, గడువు కరిగిపోతుంది. దెబ్బ పడితేనే ఎద్దు ఉరుకుతుందిగా అంటారు. ఉరుకుతుంది, నిజమే. కానీ ఆ ఉరుకు జత కలవని ఉరుకు, నాలుగు అంగల్లో తేలిపోతుంది.

అంతా జాతి మహిమే అన్న మాట కూడా నిలవదు. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే పెట్టుకున్న ఆంబోతు 1960లలో బ్రెజిల్ చేరింది. ఆ దేశపు నెల్లూరు జాతి మందల్లో దాని రక్తం పారుతోంది, కానీ అక్కడ వాటిని పెంచేది మాంసం కోసం. లాగుడు రక్తంతో రాదు, మనిషి నేర్పాలి.

కోపం ఆటను ఏం చేస్తుందో గోల్ఫ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ బంతి కదలదు, ఎదుటివాడు అడ్డురాడు, కాబట్టి కోపం ఆటగాణ్ణే తింటుంది. గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ కోపం ఆపుకోలేక 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో మూడో రౌండు మధ్యలోనే ఆట వదిలేశాడు. కోపాన్ని అదుపులో పెట్టుకున్నాక 1927లో అక్కడే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. మరి కోపంతో గోల్ఫ్ కర్రలు విసిరే టామీ బోల్ట్ 1958లో అమెరికా ఓపెన్ గెలవలేదా? గెలిచాడు. అయితే కర్ర విసిరేది దెబ్బ కొట్టేశాక. బండలాగుడులో ఆ వెసులుబాటు లేదు, కోపమే చర్నాకోల దెబ్బై పశువు మీద పడుతుంది.

దుక్కికీ మోటకూ ఎడ్లే దిక్కైన రోజుల్లో రైతు చేయి ఆగేది. అది మంచితనమే అనుకోనక్కర్లేదు, మర్నాడు అదే జతతో పొలం వెళ్ళాలి. ట్రాక్టర్లు వచ్చి ఆ అవసరం తీరాక గిత్తలు పందేనికీ పరువుకూ మిగిలాయి. చేతిని ఆపే పని అప్పటికే ఉన్న చట్టం మీద పడింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనలు, బరువులాగే పశువుల్ని తోలడానికి ముల్లుగర్ర వాడకూడదన్నాయి. ఎద్దు నొప్పిని చూసి పెట్టిన నియమమది. బరిలో దూరం కోరుకునేవాడికి కూడా దానివల్ల పోయేదేమీ లేదు.