ప్రేమలేఖలు పెంచిన సాహిత్యం

జపాన్ రాజధాని క్రీ.శ. 794లో నేటి క్యోటో నగరం ఉన్న చోటికి తరలినప్పటి నుంచి 12వ శతాబ్దం చివరి వరకు సాగిన కాలాన్ని చరిత్రకారులు హేయాన్ యుగం అంటారు. ఆనాటి ఆస్థానంలో రాజశాసనాలు, పాలనా వ్యవహారాలు చీనీ భాషలో నడిచేవి. ప్రేమ మాత్రం జపనీస్‌లోనే, అదీ ఐదు పాదాల్లో 5, 7, 5, 7, 7 చొప్పున 31 మాత్రలు ఉండే 'వాకా' అనే పద్యంలోనే పలికేది.

కులీన స్త్రీలు పరపురుషుల కంటబడకుండా తెరల చాటున మెలిగేవారు కాబట్టి, ముఖం చూడకముందే మనసు, సంస్కారం తెలుసుకోవడానికి ఉత్తరమే ఆధారమయ్యేది. పద్యంతో పాటు చేతిరాతను, కాగితం రంగును, మడతను, ఋతువుకు తగినట్టు జతచేసిన పూలకొమ్మను కూడా అందుకున్నవారు పరిశీలించేవారు. మురసాకి షికిబు రచించిన 'గెంజి కథ'లో నిరాదరణకు గురైన ఒక రాకుమారి 'మిచినొకు' అనే మందపాటి కాగితం మీద పద్యం రాసి పంపగా, ప్రేమలేఖకు పలుచని రంగు కాగితమే తగునని ఎరిగిన నాయకుడు ఆ మోటుదనానికి నొచ్చుకుంటాడు.

వివాహంలోనూ లేఖకు స్థానం ఉండేది. వరుడు రాత్రివేళ వధువు ఇంటికి వచ్చి తెల్లవారకముందే వెళ్లిపోయేవాడు. ఆ ఉదయమే అతని పద్యం ఆమెకు అందాలి, ఆలస్యమైతే అనాదరణగా భావించేవారు. వరుసగా మూడో రాత్రి కూడా వచ్చి, ఇద్దరూ బియ్యపు ముద్దలు ఆరగిస్తే పెళ్లి స్థిరపడినట్టు లెక్క.

ఈ ఉత్తరాలకు వాడిన 'హిరగానా' అనే లిపి, చీనీ అక్షరాలను గొలుసుకట్టుగా రాయడం వల్ల క్రమంగా ఏర్పడింది. స్త్రీలకు చీనీ విద్య సాధారణంగా నేర్పేవారు కాదు గనుక దీనికి 'స్త్రీల చేతిరాత' అనే పేరు వచ్చింది. అయినా వారి మనసు గెలవాలంటే పండితులైన పురుషులు సైతం ఈ లిపినే ఆశ్రయించవలసి వచ్చింది. 905లో దైగో చక్రవర్తి ఆదేశంతో కి నో త్సురయుకి తదితరులు కూర్చిన 'కొకిన్షూ' సంకలనంలోని 20 భాగాల్లో ఐదు ప్రేమకే దక్కాయి. అందులోని పద్యాలను తొలి కోరిక నుంచి ఎడబాటు వరకు ప్రేమదశల క్రమంలో అమర్చారు. అలా ఏకాంతంలోని మాటకు రాజగౌరవం లభించింది.

ఆ తర్వాత నూరేళ్లకు సెయ్ షొనగొన్, మురసాకి షికిబు వంటి ఆస్థాన స్త్రీలు అదే లిపిలో గద్యాన్ని శిఖరానికి చేర్చారు. 'గెంజి కథ'లోనే దాదాపు 800 వాకాలున్నాయి. రాజ్యవ్యవహారాల భాషకు దూరంగా ఉంచిన స్త్రీలే జపాన్ సాహిత్యానికి చిరకాలం నిలిచే గ్రంథాలు ఇచ్చారంటే, మనసులోని మాటను సొంత భాషలో చక్కగా చెప్పాలన్న పట్టుదలను తరతరాలుగా పెంచిన ఆ ప్రేమలేఖలకు అందులో పెద్ద పాలే ఉంది.